రేవు దాటే కాగితం – 9: రెండు ఫ్రేములు

అల్లాల్ పోయి వచ్చే శుక్రవారానికి ఆరు నెలలు. టాంజియర్ రేవు రోడ్డులో అతను పెట్టిన రవాణా కంపెనీకి మూడు ఫ్రీజర్ లారీలు, ఒక బస్సు. అవి సముద్రం దాటి అవతలి దేశాల్లో తిరగడానికి ఉన్న లైసెన్సు ప్రాణం కూడా ఆ శుక్రవారం దాకానే. నిర్వాహకుడి సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకడు కంపెనీలో కూర్చుని బండ్లను నిజంగా నడిపిస్తుంటేనే లైసెన్సు నిలుస్తుంది. ఆ మనిషి చనిపోతే ఇంకొకణ్ణి వెతుక్కోవడానికి చట్టం ఇచ్చేది ఆరు నెలలే. భార్య మెన్నానా పరీక్షకు కట్టింది గానీ పరీక్ష ఏప్రిల్‌లో. మధ్యలో రెండు నెలల గండం గట్టెక్కడానికి, ఎవరి గుమ్మం తొక్కకూడదని పదకొండేళ్లుగా ఒట్టు పెట్టుకుందో ఆ గుమ్మమే తొక్కింది. అది బావగారు తుహామీ గుమ్మం. కిందటి వారం మనం వాళ్లను వదిలేసరికి, తుహామీ చంకలో బంగారు రంగు ఫ్రేముతో, జేబులో మడత పెట్టిన ఒప్పందం కాగితంతో ఆఫీసు వాకిట్లో నిలబడి, "ఏదీ నా కుర్చీ?" అంటున్నాడు.

మెన్నానా అల్లాల్ కుర్చీ చూపించింది. చెయ్యెత్తి చూపించడానికి మనసొప్పక గడ్డంతో చూపించింది.

తుహామీ కూర్చున్నాడు. అరవై రెండేళ్ల మనిషి. కొత్త జెల్లాబా అంగీ, పసుపుపచ్చ తోలు చెప్పులు, పెళ్లికి వచ్చినట్టు అత్తరు. తెత్వాన్‌లో అయిదు బల్లల కాఫీ కొట్టు నడుపుతాడు. సముద్రం దాటింది జీవితంలో ఒక్కసారి, అదీ అవతలి ఒడ్డున అల్హెసిరాస్ రేవు దాకా. ఆ రోజు ఓడలో అతను చేసుకున్న వాంతుల గురించి తెత్వాన్‌లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అయినా సర్టిఫికెట్ అతనికి ఉంది. చట్టం కొత్తగా వచ్చిన ఏడు, అప్పటికే బండి తిప్పుతున్న పాతకాపులకు పరీక్ష లేకుండా ఇచ్చారు. అప్పట్లో సబ్తా సరిహద్దు గేటు నుంచి దుప్పట్లు మోసే డొక్కు వ్యాను ఒకటి అతనికి ఉండేది. ఇద్దరు సాక్షులు వచ్చి ఈయన మహా అనుభవజ్ఞుడని చెప్పారు, కాగితం చేతికొచ్చింది. వ్యాను మరుసటి ఏడే తుక్కుకు పోయింది. కాగితం మాత్రం బంగారు ఫ్రేము ఎక్కి కాఫీ కొట్టులో గల్లాపెట్టె మీద కూర్చుంది. పైన పటారం, లోన లొటారం.

"మరదలా, ఆ పాత ఫ్రేము తీసెయ్యి. దాని మేకుకే నాది తగిలిద్దాం," అన్నాడు గోడ కేసి చూస్తూ. అక్కడ సాదా చెక్క ఫ్రేములో అల్లాల్ సర్టిఫికెట్ ఉంది.

"అది తియ్యను."

"పోయినవాడి కాగితం గోడ మీద దేనికే? చూసేవాళ్లకి బాగుండదు."

"మీకు ఇంకో మేకు కొట్టిస్తాను బావగారూ. ఈ ఆఫీసులో మేకులకి కరువు లేదు."

రెండు ఫ్రేములూ పక్కపక్కన వేలాడాయి. చెక్క ఫ్రేము పక్కన బంగారు ఫ్రేము, కష్టజీవి పక్కన పెళ్లికొడుకు వేషంలో పెళ్లిళ్ల పేరయ్య కూర్చున్నట్టు ఉంది. మెన్నానా కళ్లు తిప్పుకుంది. అల్లాల్ దుప్పట్లు మోసి తెచ్చుకోలేదు ఆ కాగితం. పగలు లారీ తోలి, రాత్రి లాంతరు కింద చదివి, కాసాబ్లాంకా వెళ్లి మూడు రోజులు పరీక్ష రాసి తెచ్చుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క తల్లి కడుపునే పుట్టారంటే నమ్మబుద్ధి కాదు.

"ఒప్పందం మీద సంతకం?" అన్నాడు తుహామీ, జేబు తడుముతూ.

ఆ కాగితంలో ఉన్నది రెండే ముక్కలు. పేరు అరువిచ్చినందుకు మూడు లారీల్లో రెండు అతనివి. బోర్డు మీద అతని పేరు ముందు, తమ్ముడి పేరు తరవాత.

"ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక చూద్దాం. ముందు నేను చెప్పింది గుర్తుందా?"

"ఉంది, ఉంది. నాలుగున్నర గంటలు, ఏదో ముప్పావు."

"నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట విశ్రాంతి. బస్సెక్కే ప్రతి మనిషి పేరూ ఇక్కడ బయల్దేరే ముందే జాబితాలో ఉండాలి. ఇంకేమీ మాట్లాడకండి. తల ఊపండి చాలు. మీ నోటికి ఒక్క గంట సెలవివ్వండి."

తుహామీ నవ్వి, పళ్లెంలోని బాదం కజ్జికాయ ఒకటి నోట్లో వేసుకున్నాడు. మూడు రోజులుగా ఫోనులో ఈ పాఠం చెప్తూనే ఉంది. గాడిదకి గానం నేర్పినా ఈపాటికి ఒక రాగం పట్టుబడేది.

బయట తూర్పుగాలి రేకుల్ని వణికిస్తోంది. మూడు రోజులుగా అదే గాలి, మూడు రోజులుగా ఓడలు ఆగిపోయాయి. లరాష్ పొలాల స్ట్రాబెర్రీ పళ్లు నింపుకున్న పెద్ద లారీతో డ్రైవర్ అయ్యాషీ రేవులో వరసలో ఇరుక్కుపోయి ఉన్నాడు. పండు ఆగదు, గాలి తగ్గదు. అవతలి దేశంలోని పెర్పిన్యా మార్కెట్ వాళ్లు గంటకోసారి ఫోను చేస్తున్నారు.

పదింటికి తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. గాలికి చెదిరిన తలగుడ్డ సర్దుకుంటూ చంకలోని ఫైలు బల్ల మీద పెట్టింది.

"రా అమ్మాయ్, రా," అన్నాడు తుహామీ కుర్చీలోంచి కదలకుండా. "మీ సారు బండి నిలుపుతున్నారా? ఆయన వచ్చేలోపు ఆ టీ కాస్త గ్లాసుల్లో పొయ్యి. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

"సారెవరూ లేరండీ. ఇన్‌స్పెక్టర్ని నేనే. షామా."

మెన్నానా టీ కూజా తన చేతిలోకి లాక్కుంది. తుహామీ మొహంలో సిగ్గు కోసం వెతికింది. ఎక్కడా లేదు.

"ఓహో! మంచిదే, మంచిదే. ఆడపిల్లలు పైకి రావాలి," అన్నాడు ఆశీర్వదిస్తున్నట్టు.

షామా కూర్చుని కలం తీసింది. "నిర్వాహకులు మీరేనా?"

"నేనే."

"కంపెనీలో బండ్లెన్ని?"

"నాలుగు. దేవుడి దయ ఉంటే వచ్చే ఏటికి ఆరు."

మెన్నానా ఊపిరి తీసుకుంది. ఇంతవరకు బాగానే ఉంది.

"ఇప్పుడు ఏ బండి ఎక్కడుంది?"

"రోడ్డు మీద!" తుహామీ తొడ చరిచి నవ్వాడు. "బండి రోడ్డు మీద కాక మంచం మీద పడుకుంటుందా తల్లీ?"

షామా నవ్వలేదు. రాసుకుంది. "డ్రైవర్లకి విశ్రాంతి ఎలా ఇస్తున్నారు?"

మెన్నానా షామా వెనక నుంచి నాలుగు వేళ్లు చూపించింది, తరవాత సగం వేలు. తుహామీ ఆ వేళ్లను చూశాడు కూడా. కానీ విశ్రాంతి అన్న మాట విన్నాక అతని రక్తంలో ఉన్న కాఫీ కొట్టు యజమాని లేచి కూర్చున్నాడు. ఎదుటివాళ్లు తన పనివాళ్ల గురించి అడిగితే, తన కింద వాళ్లు ఎంత ఒళ్లు వంచుతారో చెప్పుకోవడమే గొప్పని అతను ముప్పై ఏళ్లుగా నమ్మిన మనిషి.

"విశ్రాంతా? నా దగ్గరా?" అన్నాడు ఛాతీ విరుచుకుని. "నా డ్రైవర్ అగాదీర్‌లో టమాటా ఎత్తాడంటే రేవు దాకా కాలు కింద పెట్టడమ్మా. అవతల దిగాక పెర్పిన్యా దాకా ఒకటే పరుగు. నమాజుకి కూడా ఆగడు, దేవుడు క్షమిస్తాడులే. పడుకునేవాళ్లని నేను పనిలో పెట్టుకోను. కావాలంటే ఎవర్నైనా అడగండి!"

కలం కాగితం మీద పరిగెత్తింది.

"బస్సు సంగతి?" షామా గొంతులో ఏ మార్పూ లేదు. "అవతలి ఒడ్డున ముర్సియా వెళ్లి వచ్చేటప్పుడు దారిలో ఎవర్నైనా ఎక్కించుకుంటారా?"

"ఎక్కించుకోమా మరి! చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకుంటాం. వాళ్ల దేశంలో ఈ ఊరి నుంచి ఆ ఊరికైనా సరే. దారిన పోయేవాణ్ణి వదిలేస్తే బండికి బరకత్ ఉండదు. మా నాన్న చెప్పేవాడు."

ఊళ్లో అయితే ఆ మాటకి అందరూ తలూపుతారు. అవతలి ఒడ్డున మన బస్సు ఆ దేశం మనిషిని ఆ దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకెళ్తే లైసెన్సు ఊడుతుంది. పరీక్ష పుస్తకంలో రెండో పేజీలో ఉన్న మాట ఇది. ఈ పెద్దమనిషి సర్టిఫికెట్‌కి బంగారు పూత పూయించాడు గానీ, పుస్తకం మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"చాలు బావగారూ," అంది మెన్నానా.

"ఏంటి చాలు? ఇంకా చెప్పనీ..."

"చాలన్నానా! నోటికి తాళం వెయ్యండి." కూజా బల్ల మీద దించింది. ఇంక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. "అమ్మా షామా, ఈయన చెప్పింది ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఈయనకీ ఈ కంపెనీకీ ఉన్న సంబంధం ఆ కుర్చీలో కూర్చున్న ఈ అరగంటే. లారీకి గాలి ఎటు కొడతారో ఈయనకి తెలీదు. పడవ ఎక్కితే కక్కుకుంటాడు. పేరు కోసం తెచ్చి కూర్చోబెట్టాను. సిగ్గుమాలిన పనే చేశాను."

తుహామీ నోరు తెరుచుకునే ఉండిపోయింది. అందులో సగం నమిలిన కజ్జికాయ కనిపించింది.

షామా కలం ఆపి గౌరవంగా పిలిచింది. "లల్లా మెన్నానా, ఇది మీరు నాతో చెప్పకూడని మాట. పేరు అరువు తెచ్చుకోవడం కూడా తప్పే. రాసుకోనా?"

"రాసుకోండి. కానీ ముందు ఇవి చూసి రాసుకోండి."

ఇనప బీరువా తెరిచింది. పై అరనుంచి కింది అర దాకా కట్టలు. బండి ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఆగిందో దానంతటదే గీసిపెట్టే గుండ్రటి కాగితపు డిస్కులు. ప్రతి డ్రైవర్‌వీ, ప్రతి రోజువీ, నెలనెలా దారంతో కట్టి ఉన్నాయి. షామా తనకు తోచిన కట్టలోంచి తోచిన డిస్కు ఒకటి లాగింది. వెనక్కి తిప్పి చదివింది.

"'వలెన్సియా దగ్గర టైరు మార్పు, ఇరవై నిమిషాలు. విశ్రాంతి కింద చూపలేదు.' ఇదెవరు రాశారు?"

"నేనే."

"చాలామంది దాన్ని విశ్రాంతి కింద కలిపేస్తారు."

"ఎండలో టైరు విప్పేవాడికి అది విశ్రాంతి ఎలా అవుతుందమ్మా?"

షామా మొదటిసారి నవ్వింది. ఇంకో కట్ట విప్పింది, ఇంకొకటి. బస్సు ప్రయాణికుల జాబితాలు చూసింది. మెన్నానా నిలబడే జవాబులు చెప్పింది. బ్రేకులు ఎప్పుడు చూపించారు, ఏ డ్రైవర్ వీసా ఏ నెలలో అయిపోతుంది, రేవులో అయ్యాషీ ఎన్నో నంబరు వరసలో ఉన్నాడు, ఏదీ పుస్తకం చూడకుండా చెప్పింది. కుర్చీలో తుహామీ మాత్రం చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. అతన్ని లేవమనడం కూడా ఆమెకు దండగ అనిపించింది.

"లల్లా," అంది షామా చివరికి, "పని మీదేనని నాకు తెలిసింది. కానీ చట్టానికి కావాల్సింది కాగితం. ఒక దారుంది. పోయినాయన వారసులు పరీక్షకు కట్టి ఉంటే, గడువు ఇంకో మూడు నెలలు పెంచమని నేను రాయొచ్చు. ఆయన సర్టిఫికెట్ సక్రమంగా ఉండాలి, అంతే. అసలు కాగితం చూసి నంబరు ఎక్కించుకుంటాను. ఈయన మాట్లాడిన సంగతి వేరే పేజీలో పెడతాను, ఆ పేజీ ఎటు పోవాలో తరవాత చూద్దాం."

మెన్నానాకు గాలి ఆడింది. ఆరు నెలల్లో ఇదే మొదటి మంచి మాట. గోడ దగ్గరికి నడిచింది.

"వద్దు మెన్నానా," అన్నాడు తుహామీ.

ఆ గొంతు మామూలు గొంతు కాదు. అందులో డాబు లేదు. ఆమె దాన్ని కుళ్లు అనుకుంది. తమ్ముడి కాగితం పనికొచ్చి తనది పనికిరాకపోతే ఎవరికి మాత్రం కడుపు మండదు?

"చూడండి బావగారూ, సర్టిఫికెట్ అంటే ఇదీ. సాక్షుల్ని పెట్టి తెచ్చుకున్నది కాదు, చదివి తెచ్చుకున్నది."

చెక్క ఫ్రేము దించి, అలవాటు కొద్దీ అద్దాన్ని తన తలగుడ్డ అంచుతో తుడిచింది. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం తుడుస్తూనే ఉంది. షామాకి అందించింది.

షామా నంబరు రాసుకుంటూ మధ్యలో ఆగింది. లేచి గోడ దగ్గరికెళ్లి బంగారు ఫ్రేము కూడా దించింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద ఒక వేలు, రెండోదాని మీద ఇంకో వేలు ఆనించింది.

"రెండింటికీ ఒకటే నంబరు," అంది. "ఒకటే తారీఖు. జూన్ తొమ్మిది."

షామా ఆ తారీఖు మీద వేలితో తట్టింది.

"ఒక నంబరు ఇద్దరికి ఇవ్వరు లల్లా. అదీకాక ఆ జూన్‌లో పరీక్షలు లేవు. అప్పుడిచ్చినవన్నీ పాతకాపులకి, పరీక్ష లేకుండా. మనిషి స్వయంగా రాజధానికి వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. మీవారు ఆ రోజు వెళ్లారా?"

మెన్నానా వంగి చూసింది. జూన్ తొమ్మిది. అద్దం తుడవడమే గానీ, ఆ అద్దం కింద ఉన్న తారీఖు ఆమె ఏనాడూ చదవలేదు. బీరువాలో వేల డిస్కులు చదివిన మనిషి, ఒక్కో నిమిషం పట్టుకుని డ్రైవర్లని నిలదీసిన మనిషి, నడినెత్తిన వేలాడే కాగితం చదవలేదు.

ఆ ఏడు జూన్ ఆమెకు బాగా గుర్తు. హెరెస్ దగ్గర లారీ పల్టీ కొట్టి అల్లాల్ కాలు రెండు చోట్ల విరిగింది. నెల పొడుగునా తొడ దాకా పిండికట్టు. కిటికీ ఊచకి తాడు కట్టి కాలు వేలాడదీశారు. ఈగలు తోలడానికి, గడ్డం గీయడానికి, తిట్లు తినడానికి పక్కన ఉన్నది తనే. అతను ఆ జూన్‌లో మంచం దిగలేదు. కాసాబ్లాంకా వెళ్లింది అక్టోబర్‌లో. వెళ్లి వచ్చాక నెల రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒక రోజు తెత్వాన్ వెళ్లి సాయంత్రానికి ఈ ఫ్రేముతో తిరిగొచ్చాడు. "పాసయ్యాను," అన్నాడు. ఆమె వీధంతా మిఠాయి పంచింది.

తెత్వాన్ వెళ్లి.

ఇందాకటి నుంచి ఎవరి కాగితాన్ని చూసి పెదవి విరిచిందో ఆ కాగితమే నిజమైనది. పరీక్ష తప్పిన అల్లాల్ దానికే తన పేరుతో నకలు చేయించుకున్నాడు. చీదరతో తుహామీ మీద ఉమ్మిన ప్రతి మాటా వెనక్కొచ్చి తన గోడ మీదే పడింది. ఆమెకి అల్లాల్ మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. చచ్చిపోయిన మనిషి మీద అసహ్యం కలగడం ఇంకా భరించలేకపోయింది.

"వెళ్లాడమ్మా," అన్నాడు తుహామీ.

షామా అతని వైపు తిరిగింది.

"నాతోనే వచ్చాడు. అన్నదమ్ములం ఒకే బస్సులో వెళ్లాం. ఒకే కిటికీ దగ్గర నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. గుమాస్తా ఎవడో నిద్రమొహంతో ఇద్దరికీ ఒకే నంబరు కొట్టేశాడు. మేం కూడా చూసుకోలేదు. పల్లెటూరి వాళ్లం, మాకేం తెలుసు?"

తడుముకోలేదు, ఛాతీ విరుచుకోలేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. ఈ అబద్ధం ఇప్పుడు పుట్టింది కాదని మెన్నానాకు అర్థమైంది. ఎప్పటికైనా అవసరపడుతుందని పదకొండేళ్లుగా దాచి ఉంచాడు. ఫ్రేము తీసెయ్యమని పొద్దున ఎందుకు అన్నాడో కూడా ఇప్పుడు తెలిసింది. ఇతన్ని వెర్రివాడనుకుంది తను.

"అలా జరిగి ఉండొచ్చు," అంది షామా నెమ్మదిగా. "గురువారానికల్లా రిజిస్టర్ తెప్పిస్తాను. ఈలోపు భార్య వాంగ్మూలం కావాలి." తెల్ల కాగితం ఒకటి తీసి మెన్నానా ముందు పెట్టింది. "ఆ రోజు మీవారు స్వయంగా వెళ్లారంటే అదే రాసి సంతకం చెయ్యండి. వెళ్లలేదంటే అది రాయండి. నాకు రెండూ ఒకటే. కానీ రాశాక మార్చడం ఉండదు."

షామా ఫ్రేముల మీదికి వంగి నంబర్లు మళ్లీ చూసుకుంటున్నప్పుడు, తుహామీ జేబులోంచి ఒప్పందం కాగితం తీశాడు. బల్ల మీది కలం అందుకుని, 'రెండు లారీలు' అన్న చోట 'రెండు' కొట్టేసి 'మూడు' అని రాశాడు. ఆలోచించి, చివర 'బస్సు కూడా' అని చేర్చాడు. కజ్జికాయ పొడి అంటిన వేలితో దాన్ని మెన్నానా వైపు నెట్టాడు. అతని మొహంలోకి పాత నవ్వు మళ్లీ వచ్చేసింది.

మెన్నానా కలం తీసుకుంది. అప్పుడు గమనించింది, రేకుల చప్పుడు ఆగిపోయింది. బయట గాలి లేదు.

బల్ల మీద ఫోను మోగింది. అయ్యాషీ.

"చెల్లెమ్మా, గాలి తగ్గింది! గేట్లు తెరిచారు. ఓడెక్కడానికి ముందు వరసలో మనమే. పావుగంటలో తలుపులు మూసేస్తారట." వెనక ఇంజన్ల రొద, హారన్లు. "లైసెన్సు కాగితాలు సరిగ్గా ఉన్నాయి కదా? ఉన్నాయని ఒక్క మాట చెప్పు, ఎక్కించేస్తాను. అవతల పట్టుకుంటే లారీతో పాటు నన్నూ లోపలేస్తారు. ఎక్కనా, వద్దా?"